ప్రెయిరీ డ్యూక్ గురక పెట్టింది

ఆ శనివారం పొద్దున వెర్నన్ దంపతుల పథకం చాలా చిన్నది. అమెరికాలోని టూసాన్ ఊరి చివర, కాపురం ఉండటానికి వీలైన మోటార్‌హోమ్ బండ్లు అమ్మే దుకాణానికి వెళ్ళి, డీజిల్ బండ్లలో చవకరకం మూడింటిని చూసి, ఒకటి ఖాయం చేసి, భోజనాల వేళకి తిరిగొచ్చేయాలి.

అయితే వెర్నన్ దేన్నయినా పోల్చి చూడనిదే కొనడు. హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరయిన మనిషి. ఒక టోస్టర్ ఎంచుకోవడానికి శీతాకాలమంతా తీసుకున్నాడు. బండిలోనే కాపురం పెడదామని అమ్మకానికి పెట్టిన ఇల్లు ఈలోగా అమ్ముడైపోయింది. అతనూ భార్య లోరెటా ఇప్పుడు ఆమె చెల్లెలి ఇంట్లో సోఫా మీద పడుకుంటున్నారు. ఆరడుగులు దాటిన వెర్నన్‌కి ఆ సోఫా మోకాళ్ళ దాకానే వస్తుంది. నెల రోజులుగా అతనికి సరైన నిద్ర లేదు.

"ఇవాళ తేల్చకపోయావో, నేనే ఒక బండి కొనుక్కుని ఒక్కదాన్నే వెళ్ళిపోతా. నువ్వు ఆ సోఫాని పెళ్ళి చేసుకో," అంది కారు దిగుతూ లోరెటా.

"ఏ బండి కొంటావేం?" అని ఆసక్తిగా అడిగాడు వెర్నన్.

మొదటి బండి సిల్వర్ ఎల్క్‌లో ఫ్రిజ్ పెద్దది, సామాన్ల అర చిన్నది. రెండోది, బ్లూ హెరన్‌లో స్నానాల గది బాగుంది. వెర్నన్ బట్టలతోనే అందులో నిలబడి, చేతులెత్తి, లేని సబ్బుతో వీపు రుద్దుకుని చూశాడు. బయట క్యూలో ఉన్నవాళ్ళు కూడా చూశారు. లోరెటా తలవంచుకుని కాఫీ వంకతో ఆఫీసులోకి వెళ్ళిపోయింది.

మూడోది ప్రెయిరీ డ్యూక్. వెర్నన్ లోపలికి వెళ్ళి, చీకటి ఎంత బాగా పడుతుందో చూద్దామని వెనక పడకగది తలుపు లాగి, బూట్లూ టోపీ తీసి పరుపు మీద వాలాడు. కాళ్ళు పూర్తిగా చాచుకుని ఎన్నాళ్ళయిందో! అంతే, ఒళ్ళు తెలియలేదు.

అప్పుడే సేల్స్‌మన్ కర్టిస్, రాయ్స్ అనే పెద్దమనిషినీ ఆయన భార్య నడీన్‌నీ వెంటబెట్టుకుని వచ్చాడు. పడకగది తలుపు వేసి ఉంటే సర్దిపెట్టారనుకున్నాడు. నడిపి చూస్తానని రాయ్స్ స్టీరింగ్ పట్టాడు. డ్యూక్ హైవే ఎక్కింది.

కాఫీ తాగి వచ్చిన లోరెటాకి బండీ లేదు, మొగుడూ లేడు.

"ప్రెయిరీ డ్యూక్ ఎవరు తీసుకెళ్ళారమ్మా?" అని ఆఫీసులో అమ్మాయిని అడిగింది.

"ఒక పొడుగాటాయన, మేడమ్. నెరిసిన జుట్టు, టోపీ. భార్యతో వెళ్ళారు."

"భార్యతోనా? భార్యని నేనే కదా!"

ఆ అమ్మాయి జాలిగా టిష్యూల డబ్బా ముందుకి జరిపింది. బండ్లు నడిపి చూసేవాళ్ళు వెళ్ళే దారి అడిగి తెలుసుకుని, లోరెటా డబ్బాతో సహా కారెక్కింది.

అటు హైవే పక్కన, కొండలు కనబడే చోట రాయ్స్ బండి ఆపి, తాళం తిప్పాడు. చప్పుడు మాత్రం ఆగలేదు. వెనకనుంచి గుర్ర్... గుర్ర్... అని వస్తూనే ఉంది.

"ఇంజిన్ ఆపేశానా లేదా?" అన్నాడు రాయ్స్.

"ఆపేశారు సార్. డీజిల్ కదా, చల్లబడటానికి కాస్త టైం పడుతుంది," అన్నాడు కర్టిస్. జవాబు తెలియదని కస్టమర్‌తో ఒప్పుకోవడం అతని వంశంలో లేదు.

ఇంజిన్ ఒకసారి ఈల వేసి, దగ్గి, "లోరెటా, దుప్పటి మొత్తం లాక్కోకే," అంది.

రాయ్స్ భార్య వంక చూశాడు. నడీన్ కర్టిస్ వంక చూసింది.

"దారి చెప్పే గొంతండీ. ఈ ఏడాదే కొత్తగా పెట్టారు," అన్నాడు కర్టిస్ చెమట తుడుచుకుంటూ.

"దుప్పటి దారా?" అని రాయ్స్ నిలదీస్తుండగా ఒక కారు కంకర ఎగజిమ్ముతూ వచ్చి ఆగింది. గాలి పీల్చుకుందామని దిగిన నడీన్‌కి లోరెటా ఎదురైంది.

"ఆయన భార్యవి నువ్వేనా?"

"అవును. ఏం?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"ముప్ఫై ఏళ్ళవుతోంది."

లోరెటా బండి మెట్టు మీద కూలబడింది. "ముప్ఫై ఏళ్ళా! టోస్టర్ విషయమే తేల్చుకోలేని మనిషి, రెండు కాపురాలు ఎలా నడిపాడమ్మా?" అంటూ టిష్యూలు లాగసాగింది. ఏమీ అర్థంకాని నడీన్ కూడా ఒకటి తీసుకుంది.

ఆ ఏడుపుకి పడకగది తలుపు జరిగింది. మేజోళ్ళతో, చెదిరిన జుట్టుతో వెర్నన్ బయటికొచ్చాడు.

"నడీన్! పడకగదిలోంచి వచ్చిన ఈ శాల్తీ ఎవడే?" అని అరిచాడు రాయ్స్.

"ఎవరో నాకేం తెలుసు!" అంది నడీన్.

"తెలియదా? ముప్ఫై ఏళ్ళ నుంచి..." అంటూ లేచిన లోరెటా మాట మధ్యలో ఆగిపోయింది. రాయ్స్‌నీ వెర్నన్‌నీ మార్చి మార్చి చూసింది. ఇద్దరూ పొడుగే. ఇద్దరికీ నెరిసిన జుట్టు మీద టోపీ పెట్టిన నొక్కులున్నాయి. ఆమె మెల్లిగా ముక్కు తుడుచుకుంది.

"మనం ఎక్కడున్నాం?" అన్నాడు వెర్నన్, కొండల్ని చూసి.

అందరికన్నా ముందు తేరుకున్నది కర్టిస్. "చూశారా సార్! ఈ బండికి ఇంజిన్ సరిగ్గా ఆ మంచం కిందే ఉంటుంది. మీరు హైవే మీద అంత దూరం తోలినా ఈయనకి మెలకువ రాలేదు. ఇంత నిశ్శబ్దమైన బండి ఏ కంపెనీలో ఉందో చెప్పండి!"

రాయ్స్ కోపం దిగిపోయింది. "నిజమేనోయ్. తీసుకుంటా," అన్నాడు.

"వీల్లేదు, అది నాది," అన్నాడు వెర్నన్.

లోరెటా చేతిలోని డబ్బా జారి కిందపడింది. పెళ్ళయ్యాక ఆయన ఒక్క క్షణంలో తేల్చిన మొదటి విషయం అది.

"మిగతా రెండూ మళ్ళీ ఒకసారి చూడవా?" అంది నమ్మలేక.

"చూడను. నెల తరవాత ఇవాళే నిద్రపోయాను లోరెటా. అసలు..." వెర్నన్ కొంచెం తడబడ్డాడు. "కలలో మన మంచమే వచ్చింది. నువ్వు కూడా ఉన్నావు."

"ఆవిడ దుప్పటి లాక్కుంది. విన్నాంలే," అనబోయిన నడీన్, లోరెటా మొహం చూసి ఊరుకుంది.

డ్యూక్ ఒక్కటే ఉంది. మగవాళ్ళిద్దరూ నేను ముందంటే నేను ముందని బండి చుట్టూ తిరిగారు. చివరికి నడీనే తేల్చింది: "ఎవరి మొగుడో గురక పెట్టిన పరుపు మీద నేను పడుకోను. పద."

ఆ సాయంత్రం లోరెటా, వెర్నన్ డ్యూక్‌లోనే బయలుదేరారు. రాయ్స్ ఆ వారంలోనే ఒక పడవ కొన్నాడు. సంతకం పెట్టేముందు క్యాబిన్ తలుపు తట్టి, కాసేపు మర్యాదగా ఎదురుచూశాడట.