నీలి నిక్కరు యుగం

లైట్ హెవీవెయిట్ బాక్సింగ్ స్వర్ణయుగం ముగిసిందని ప్రకటించే అధికారం ప్రపంచంలో ఒక్క సంస్థకే ఉంది. ఆ సంస్థ గల్ఫ్‌లోని రుసైల్ పారిశ్రామికవాడలో, మా కంపెనీ క్యాంపు రెండో అంతస్తులో, బాత్రూమ్ పక్క గదిలో ఉంది. పేరు లైట్ హెవీవెయిట్ స్వర్ణయుగ పరిరక్షణ సంఘం. సభ్యులం ముగ్గురం. ప్రతి శుక్రవారం బిర్యానీ తిన్నాక సమావేశమై, ఆ యుగం ముగిసిందని మళ్లీ ఒకసారి ధ్రువీకరిస్తాం. (ఇంతవరకు ఎవరూ అప్పీలుకు రాలేదు.)

తెలియనివారి కోసం చెబుతున్నాను. లైట్ హెవీవెయిట్ అంటే డెబ్బై తొమ్మిది కిలోల చిల్లర దగ్గర ఆగిపోయే వర్గం. హెవీవెయిట్‌కు ఉన్న పేరు దానికి లేదు. చిన్న బరువులవాళ్లకు ఉన్న చురుకు దానికి ఉందంటే ఎవరూ ఒప్పుకోరు. కంపెనీలో ఫోర్‌మన్ స్థానం లాంటిది. పైవాళ్లు కుర్చీ వేయరు, కిందివాళ్లు పక్కన కూర్చోనివ్వరు. అందుకే అది మాకు నచ్చింది. నా బరువు తొంభై నాలుగు కిలోలు, అయినా మనసులో నేను లైట్ హెవీవెయిట్‌నే. (మా గోడౌన్ కాంటాకు మనసు తూచే సౌకర్యం లేదు.)

అధ్యక్షుడు ఖమరుద్దీన్ చాచా. ఊరు కడప, పని ఏసీ మెకానిక్. మా అందరికంటే ముందు గల్ఫ్‌కు వచ్చినవాడు. వచ్చిన కొత్తలో, అప్పటి క్యాంపులో ఎవరో వదిలేసి పోయిన వీడియో క్యాసెట్లలో ఈ బాక్సింగ్ చూశాడు. అంటే ఆయన చూసేనాటికే అవి పాతవి. సాంకేతిక సలహాదారు పోచన్న. నిర్మల్ దగ్గర పల్లె, వెల్డింగ్ పని. సంఘంలో చేరడానికి అతను చెప్పిన కారణం, ఆ గదిలో ఏసీ బాగా పనిచేస్తుంది. (అధ్యక్షుడి గది కదా.) ఇక కార్యదర్శిని నేను. గణపతిని, కోరుట్లవాణ్ని, గోడౌన్ స్టోర్‌కీపర్‌ని. ఆ యుగం ముగిసేనాటికి నేను పుట్టలేదు. అయినా అది గుర్తొస్తే నాకు ఏడుపొస్తుంది. మనం పుట్టకముందే పోయినవాటి కోసం ఏడవడంలో ఒక సుఖం ఉంది. వాటిని పోగొట్టింది మనం కాదు.

ఆ యోధుల పేర్లు మాకు తెలియవు. క్యాసెట్ల మీది అక్షరాలు ఎవరి చెమటకో చెరిగిపోయాయట, వ్యాఖ్యానమేమో ఇంగ్లీషులో సాగిపోతుంది. అందుకని నిక్కర్ల రంగును బట్టి పేర్లు పెట్టుకున్నాం. వాళ్లందరిలోకి దేవుడు నీలి నిక్కరు. ఆయన ఏడో రౌండులో కింద పడి, లేచి, పదో రౌండులో ఎడమచేత్తో తెల్ల నిక్కరును పడగొట్టిన పోరు ఇప్పుడు ఫోన్లో కూడా దొరుకుతుంది. దాన్ని మేం ఎన్నిసార్లు చూశామంటే, ఈపాటికి తెల్ల నిక్కరుకు తప్పించుకోవడం వచ్చి ఉండాలి.

సంఘానికి నియమావళి ఉంది. "ఆ జమానా వేరే" అనే వాక్యాన్ని ఇరవై ఏళ్ల గల్ఫ్ సర్వీసు నిండినవారే పలకాలి. పదేళ్లు దాటినవారు "అవును చాచా" అనవచ్చు. అంతకంటే తక్కువవారు తల మాత్రం ఊపాలి. దీర్ఘ నిట్టూర్పు అధ్యక్షుడికే పరిమితం, కార్యదర్శికి మధ్యరకం. అన్నిటికంటే ముఖ్యమైనది పోలిక నియమం. ఇప్పటి బాక్సర్ ఎవరైనా మంచి దెబ్బ కొట్టినట్టు అనుమానం వస్తే, మెచ్చుకునే ముందు దాన్ని స్వర్ణయుగంలోని అలాంటి దెబ్బతో అక్కడికక్కడే పోల్చి చూడాలి. పోల్చకుండా చప్పట్లు కొట్టడం క్రమశిక్షణ ఉల్లంఘన. ఈ నియమం పెట్టినప్పటి నుంచి మా గదిలో ఎవరికీ చప్పట్లు పడలేదు. నియమం చక్కగా పనిచేస్తోందనడానికి అదే నిదర్శనం.

ఇంత పద్ధతిగా నడుస్తున్న సంఘానికి ఫుర్ఖాన్ వల్ల చిక్కు వచ్చిపడింది.

ఫుర్ఖాన్ మా గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్. బోధన్‌వాడు. డ్యూటీ దిగాక మబేలాలో ఒక జిమ్‌కు వెళ్లి నిజంగానే బాక్సింగ్ నేర్చుకుంటాడు. మా కాంటా మీద అతని బరువు డెబ్బై తొమ్మిది. అంటే మా కళ్లెదుట, మా మెస్‌లో, మేం తినే పప్పే తింటూ ఒక లైట్ హెవీవెయిట్ తిరుగుతున్నాడు. ఈ విషయాన్ని సంఘం రెండేళ్లపాటు పరిగణనలోకి తీసుకోలేదు. బతికున్నవాళ్ల గురించి మా నియమావళిలో ఏమీ లేదు మరి.

ఒక శుక్రవారం, సమావేశం నడుస్తుండగా, అతనే గదిలోకి వచ్చాడు.

"చాచా, వచ్చే జుమ్మాకు నిజ్వా ఊర్ల కంపెనీల పోటీలున్నయి. నాది కూడ ఫైట్ ఉంది. మీరు ముగ్గురు రావాలె" అన్నాడు. "ఇదే ఆఖరుది. అటెన్క నన్ను దూరం ఎడారిల దుక్మ్ సైట్‌కు ఏస్తున్నరు. ఆడ జిమ్ లేదు, ఏం లేదు."

"మేమెందుకప్పా?" అన్నాడు చాచా.

"బాక్సింగంటే ఏందో మీకే కదా ఎరుక. ఇంకెవర్ని పిలువాలె?"

ఈ మాటతో సంఘం జరిగి అతనికి మంచం మీద చోటిచ్చింది. ఫుర్ఖాన్ తన చేతిలోని కవర్లోంచి ఒక నిక్కరు తీసి మంచం మీద పరిచాడు. మెరిసే ఆకుపచ్చ శాటిన్. అతని భార్య తయ్యబా బోధన్‌లో తన మిషను మీద కుట్టి, సెలవు నుంచి తిరిగొస్తున్నవాళ్ల చేతికిచ్చి పంపింది. నడుము పట్టీ మీద తెల్లదారంతో అతని పేరు కూడా కుట్టింది.

"పెండ్లయిన కాడ్నుంచి చెప్తున్న, నేను బాక్సర్‌నని. నమ్మది. ఏడనో దెబ్బలు తిని వస్తున్నవ్, నాకు దాస్తున్నవ్ అంటది. గీ నిక్కర్ కుట్టి పంపి, ఒక్కసారి గెలిచేటిది సూపియ్యి, గప్పుడు నమ్ముత అన్నది. గణపతన్నా, నా ఫోన్ నీకిస్త. వీడియో తీయి. గంతే."

చాచా నిక్కరును ట్యూబ్‌లైట్ వెలుగుకు పట్టి చూశాడు. "ఆ జమానాలో పచ్చది ఎవురేసుకున్నారప్పా? నీలం, లేకుంటే తెలుపు."

"మా ఆమె కుట్టింది చాచా" అన్నాడు ఫుర్ఖాన్.

చాచా నిక్కరును మడత పెట్టి తిరిగి ఇచ్చాడు. అతను వెళ్లాక, వర్తమానంలో జరిగే పోటీకి సంఘం హాజరు కావచ్చునా అనే అంశం మీద చర్చ జరిగింది. హాజరైతే స్వర్ణయుగం ఇంకా ముగియలేదని ఒప్పుకున్నట్టవుతుందని చాచా భయం. బస్సులో ఏసీ ఉంటుందా అని పోచన్న సందేహం. చివరికి పరిశీలకుల హోదాలో, పోలిక నియమానికి లోబడి వెళ్లవచ్చని తీర్మానించాం. చాచా తన అసమ్మతి నమోదు చేయమన్నాడు. (మా తీర్మానాలేవీ ఏకగ్రీవం కావు. బిర్యానీకి బదులు పులావ్ తెప్పించిన రోజు అధ్యక్షుడే వాకౌట్ చేశాడు.)

నిజ్వా దారంతా ఎండకు కాలిన కొండలు. ఫుర్ఖాన్ మా ముందు సీట్లో కూర్చుని, పిడికిళ్లు ముడుస్తూ విప్పుతూ ఉన్నాడు. మేం మాత్రం వెనక నుంచి అతనికి ధైర్యం చెబుతూనే ఉన్నాం. ఇప్పటివాళ్లకు కాళ్లలో కదలిక లేదని చాచా, తిండిలో బలం లేదని పోచన్న, రెండూ నిజమేనని నేను. దిగేటప్పుడు అతను ఫోన్ నా చేతిలో పెట్టి, రెండు చేతులతో నా వేళ్లు మూసి వెళ్లాడు.

ఫుర్ఖాన్ మాకు మొదటి వరసలో కుర్చీలు ఇప్పించాడు. నా పక్కన నిజ్వాలోనే పనిచేసే మన టీచరుగారు ఒకాయన, గుంటూరు వైపువారు. మూడేసి రౌండ్ల పోటీలు. ఫుర్ఖాన్ మీదికి వచ్చినవాడు అక్కడి కోల్డ్ స్టోరేజీలో మూటలు మోసే మనిషి, తెల్ల నిక్కరు. ఆ రంగు చూసి చాచా మొదటిసారి ముందుకు వంగి కూర్చున్నాడు.

గంట కొట్టారు. నేను ఫోన్ ఎత్తి వీడియో తీయడం మొదలుపెట్టాను. మనస్ఫూర్తిగా తీశానని ఇక్కడ రికార్డు కోసం చెబుతున్నాను. మొదట ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు తిరిగారు. ఫుర్ఖాన్ ఎడమ కంటి కింద ఒక దెబ్బ తిన్నాడు. అది వీడియోలో చాలా స్పష్టంగా వచ్చింది. ఆ వెంటనే అతను ఎడమచెయ్యి విసిరాడు. తెల్ల నిక్కరు తాడు దాకా వెళ్లి ఆగాడు.

"అరె, సేమ్ నీలి నిక్కరు కొట్టినట్టె కొట్టిండు" అన్నాడు పోచన్న.

"యాడ? అదీ ఇదీ ఒకటేనా? నీలి నిక్కరు బుజం దించి కొట్టినాడు."

"దించలే చాచా."

"దించినాడప్పా."

పోలిక నియమం అమల్లోకి వచ్చింది. చాచాది బటన్ల ఫోన్. పోచన్న ఫోన్లో డేటా అయిపోయింది. నాది రూమ్‌లో ఛార్జింగ్‌కు పెట్టి మరిచిపోయి వచ్చాను. అందువల్ల సంఘానికి అందుబాటులో ఉన్న ఏకైక ఫోన్‌లో వీడియో ఆపి, పాత పోరు వెతికాను. ఒక్క నిమిషం పనే కదా అనుకున్నాను. ముందు తలనూనె ప్రకటన వచ్చింది. తరవాత ఇంకో ప్రకటన. తరవాత తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. ఈలోగా ఎక్కడో ఒకటి రెండుసార్లు గంట మోగింది. ముగ్గురం తలలు ఒక్కచోట పెట్టి పదో రౌండు కోసం ఆ పాత వీడియో జరుపుతుంటే, హాలంతా ఒక్కసారిగా లేచి నిలబడింది.

"జర కూసోండ్రి భాయ్, ఫోన్ల ఏం కనవడ్తలేదు" అన్నాడు పోచన్న.

చాచా చెప్పిందే నిజం. నీలి నిక్కరు భుజం దించే కొట్టాడు. వివాదం తేలిపోయినందుకు తృప్తిగా తలలెత్తాం. రింగులో తెల్ల నిక్కరును ఇద్దరు పట్టుకుని స్టూలు మీద కూర్చోబెడుతున్నారు. రిఫరీ ఫుర్ఖాన్ చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. ఫుర్ఖాన్ జనాన్ని చూడటం లేదు, మొదటి వరసను, అందులో మమ్మల్ని చూస్తున్నాడు. లేచి చప్పట్లు కొట్టాం. పోలిక పూర్తయింది కాబట్టి నియమం అడ్డురాలేదు.

టీచరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. "ఇట్లాంటి దెబ్బ నా జన్మలో చూళ్లేదండీ. మీరు చూశారుగా?"

"చూశాం" అన్నాను.

ఫుర్ఖాన్ కిందికి దిగి రాగానే అడిగిన మొదటి మాట, "అన్నా, మంచిగ వచ్చిందా?"

"ముందు కంటికి ఐసు పెట్టుకో" అన్నాను.

తిరుగు బస్సులో ఫోన్ ఇవ్వక తప్పలేదు. అతను ముందు సీట్లో కూర్చుని, ఇంకా నిక్కరు కూడా మార్చుకోకుండా, ఆ కాస్త వీడియో చూశాడు. అందులో అతను ఒక దెబ్బ తింటాడు, తిరగబడి కొట్టబోతాడు, అక్కడితో ఆగిపోతుంది. మళ్లీ పెట్టి చూశాడు.

"ఖలాసా? గింతేనా?" అన్నాడు.

"హాల్లో సిగ్నల్ లేకుండె" అన్నాను.

వీడియో తీయడానికి సిగ్నల్ ఎందుకని అతను అడగలేదు. అడిగితే బాగుండేది. నాకు సిగ్గేసింది. చాచా కిటికీలోంచి బయటికి చూస్తూ తన దీర్ఘ నిట్టూర్పు ఒకటి వాడుకున్నాడు.

అప్పుడే తయ్యబా ఫోన్ చేసింది. ఫుర్ఖాన్ స్పీకర్ పెట్టాడు.

"గెలిచిన" అన్నాడు. "వీడియో సగంల ఆగింది. నీకు నమ్మకం లేకుంటె, చాచా వాళ్లు ముంగట్నే కూసోని సూశిన్రు. వాళ్లనే అడుగు." అని ఫోన్ సీటు మీదుగా వెనక్కి, మా ముగ్గురి మధ్యకు చాపాడు.

సంఘం ఇన్నేళ్లుగా దేనికోసం సాధన చేసిందో ఆ క్షణం వచ్చింది. చాచా గొంతు సవరించుకున్నాడు. "కింద పడినాడు బేటీ. అయిపాయ అనుకున్నారు అందురూ. లేసినాడు. కాళ్లు వణకతాండాయి, అయినా లేసినాడు." పోచన్న అందుకున్నాడు. "ఎడమచేత్తోటి ఒక్కటే దెబ్బ చెల్లె. బుజం గిట్ల కిందికి దించి." జనం ఎలా లేచి నిలబడ్డారో, చెమట లైట్ల కింద ఎలా ఎగిరిపడిందో నేను చెప్పాను. ఒకరి మాట ఒకరు కాదనలేదు. కళ్లకు కట్టినట్టు చెప్పాం. మాకు అంత బాగా తెలిసిన పోరు మరొకటి లేదు. పదో రౌండు దాకా వచ్చాక, ఫుర్ఖాన్ తన సీట్లోంచి మెల్లగా వెనక్కి తిరిగి, వాపు లేని కంటితో మమ్మల్ని చూడసాగాడు.

తయ్యబా అంతా విన్నాక అడిగింది.

"మంచిది భయ్యా. ఒక్క మాట చెప్పుండ్రి. ఆయన నిక్కర్ ఏం రంగుది?"

"నీలం" అన్నాం ముగ్గురం, ఒకే గొంతుతో.

సంఘం చరిత్రలో అది మొదటి ఏకగ్రీవ తీర్మానం.