పోలిక ఊరు

ఒక ఊరికి బస్సు కావాలో వద్దో ఆ ఊరివాళ్లకు తెలియదు. తెలుసని వాళ్లు అనుకోవచ్చు, అర్జీలు పెట్టుకోవచ్చు, రోడ్డు పక్కన నిలబడి చేతులు ఊపవచ్చు. కానీ అవసరమనేది శాస్త్రీయంగా కనిపెట్టవలసిన వస్తువు. దాన్ని కనిపెట్టడానికి డెబ్బయ్యో దశకం చివర చిత్తూరులో ఒక కార్యాలయం ఉండేది. దాని పేరు ప్రయాణావసరాల అంచనా విభాగం. (బస్సులు నడపడం ఈ విభాగం పని కాదు. నడపనక్కర్లేదని రుజువు చేయడం వరకే దాని బాధ్యత.)

ఆ విభాగానికి నెమిలిగుంట నుంచి ఒక అర్జీ వచ్చింది. పలమనేరు రోడ్డుకు ఆనుకుని ఉన్న చిన్న ఊరు అది. రాయించింది గంగులమ్మ అనే పూలమ్మే ఆవిడ. మల్లెల కాలంలో మల్లెలు, తక్కిన కాలంలో కనకాంబరాలు, చామంతులు తెల్లవారకముందే కోసి, గంప నెత్తిన పెట్టుకుని ఆమె రోడ్డు మీదికి వచ్చేది. ఉదయపు బస్సు కూడా వచ్చేది. కాకపోతే అది తిరుపతి మొక్కుల జనంతో నిండి వచ్చేది కాబట్టి ఆగేది కాదు. ఏ పాలబండో, ఇటుకల లారీనో పట్టుకుని గంగులమ్మ చిత్తూరు చేరేసరికి మార్కెట్లో ఆమె చోట ఇంకొకరు కూర్చునేవారు, పూలు వాడిపోయేవి. ఇంటిల్లిపాదీ బతికేది ఆ తోట మీదే. ఊళ్లో కూరగాయల వాళ్లదీ, చదువుకునే పిల్లలదీ అదే అవస్థ.

అర్జీ మీద విచారణకు సుందరరాజును నియమించారు. పుత్తూరు కుర్రవాడు, నెమ్మదస్తుడు, చెప్పిన పని చెప్పినట్టు చేసే రకం. “బస్సు ప్రయాణికులకు బస్సులో చోటు దొరుకుతున్నదా” అన్నది అతనికిచ్చిన ప్రశ్న. ప్రయాణికులు ఎక్కడ ఉంటారు? బస్సులో ఉంటారు. అందుకని సుందరరాజు పలమనేరులో బస్సెక్కి ఒక్కొక్కరినే అడుగుతూ వచ్చాడు. అందరూ దొరికిందన్నారు. ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడుతున్నాయన కూడా, “ఎక్కినాం గదా సామీ, ఇంకేమి” అన్నాడు. కొందరు “గోవిందా” అన్నారు. దాన్ని అవును కింద రాసుకున్నాడు.

బస్సు నెమిలిగుంట దాటేటప్పుడు గంపలతో కొందరు ఆడవాళ్లు చేతులు ఊపుతూ కనిపించారు. “దారి పొడవునా ప్రజలు చేతులూపి హర్షం తెలిపారు” అని సుందరరాజు నివేదికలో చేర్చాడు.

బస్సులో ఉన్నవారిలో నూటికి నూరుమందికీ బస్సు దొరికినందువల్ల ఇంకో బస్సు అనవసరమని నెమిలిగుంటకు జవాబు వెళ్లింది. ఆ కాగితం చదివించుకుని గంగులమ్మ నేరుగా కార్యాలయానికి వచ్చింది. వాడిన పూలగంప దింపి సుందరరాజు బల్ల ముందు నిలబడింది.

“మమ్మల్ని అడగలేదేమప్పా?”

“ప్రయాణికులనే అడగమని ఉత్తరువమ్మా. మీరు బస్సులో లేరు.”

“నిలిపితే గదా నేను బస్సులో ఉండేది.”

సుందరరాజు కలం మూత తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ మాట రాసుకోవడానికి అతని ఫారంలో గడి లేదు. పక్కగదిలోంచి అంచనాల అధికారి రామచంద్ర బయటికి వచ్చాడు. ఆయన అప్పుడే హైదరాబాదులో నమూనా శాస్త్రంలో శిక్షణ ముగించుకుని వచ్చి, దాన్ని ఎవరి మీద ప్రయోగించాలా అని చూస్తున్నాడు.

“ఈమె చెప్పింది నిజమే,” అన్నాడు సంతోషంగా. “దొరికినవాళ్లను అడిగితే దొరికిందనే చెప్తారు. అది పక్షపాత నమూనా. ఈసారి ఊళ్లోకి వెళ్లి చీట్లు వేసి అడుగుదాం.”

గంగులమ్మ మొహం విప్పారింది. గంప అడుగున వాడకుండా మిగిలిన నాలుగు పూలు ఏరి ఆయన బల్లమీద పెట్టి వెళ్లింది.

వారం తిరక్కుండా రామచంద్ర, సుందరరాజు నెమిలిగుంటకు వచ్చారు. ఇంటికొక చీటీ రాసి, ఇత్తడి బిందెలో వేసి బాగా కలిపి, కొన్ని తీశారు. ఎవరి చీటీ వస్తే వాళ్లే ఊరు. మిగతావాళ్లు ఊళ్లో ఉన్నా, లెక్కలో లేనట్టే.

గంగులమ్మ చీటీ రాలేదు. అయినా ఆమె ముందుకు వచ్చింది.

“అడగండి సామీ, నేను చెప్తా.”

“కుదరదమ్మా,” అన్నాడు రామచంద్ర ఎంతో మర్యాదగా. “తమంతట తాము వచ్చి చెప్పేవాళ్లకు ముందే ఒక అభిప్రాయం ఉంటుంది. అభిప్రాయం ఉన్నవాళ్లతో శాస్త్రానికి చిక్కు.”

వచ్చిన చీట్లలో కొన్ని ఇళ్లకు తాళాలు ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్లు బెంగళూరికి కూలిపనికి పోయారు. (పక్కింటివాళ్లను అడిగితే నమూనా చెడుతుంది. అందుకని తాళాన్నే అడిగి, ఫిర్యాదు లేదని రాసుకున్నారు.) ఒక చీటీ ఆదిమూలం అనే పెద్దాయనది. ఆయన మోకాళ్లు పనిచేయడం మానేసి చాలా ఏళ్లయింది.

“తాతా, మీకు బస్సు అవసరమా?” అన్నాడు సుందరరాజు.

“నాకెందుకబ్బా? యాడికి పోవాల నేను? నా కోడల్ని అడుగు. దినామూ కూరగాయలు మోసకపోతాది, కాళ్లు ఒరుసుకపోయి వస్తాది.”

కోడలు గడపలోనే నిలబడి ఉంది. సుందరరాజు అధికారి వైపు చూశాడు. “చీటీ ఇంటి పెద్దది,” అన్నాడు రామచంద్ర. కోడలు వాళ్లిద్దరికీ మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఫలితం ఎటూ తేలలేదు. తాళాలు, ఆదిమూలం ఒకవైపు, మిగతావాళ్లు ఇంకోవైపు. రామచంద్ర దిగులుపడలేదు. అడిగి తెలుసుకోలేనిదాన్ని చేసి తెలుసుకోవచ్చునని శిక్షణలో చెప్పారు. ఒకే తీరున ఉన్న రెండు ఊళ్లు తీసుకోవాలి. ఒకదానికి బస్సు వేయాలి, ఒకదానికి వేయకూడదు. ఏడాది తర్వాత తేడా చూడాలి. ఆ తేడాయే బస్సు వల్ల ప్రయోజనం.

నెమిలిగుంటకు అచ్చం అలాంటి ఊరు పక్కనే ఉంది. పేరు ఎర్రమిట్ట. మధ్యలో ఒక ఎండిపోయిన వంక, అంతే. రామచంద్ర రెండు ఊళ్లవాళ్లనూ పిలిపించి, రూపాయి బిళ్ల ఎగరేశాడు. బొరుసు పడింది. బస్సు ఎర్రమిట్టకు వెళ్లింది. నెమిలిగుంట పోలిక ఊరయింది.

“మేమేమి తప్పు చేసినాం సామీ?” అంది గంగులమ్మ.

“తప్పేం లేదమ్మా. మీకు బస్సు రాకపోవడం ఈ ప్రయోగానికి ప్రాణం. వాళ్లకు బస్సు ఉండటం ఎంత ముఖ్యమో, మీకు లేకపోవడం అంత ముఖ్యం. నిజానికి మీ పాత్రే కష్టమైనది.”

“మాకు దినామూ లేదు గదా సామీ. ఆ పాత లెక్క పనికిరాదా?”

“అప్పుడు మేము చూడలేదు కదమ్మా,” అన్నాడు రామచంద్ర.

కొత్త మందును పరీక్షించేటప్పుడు, తమకు అందింది మందో, ఉత్త చక్కెర గుళికో రోగులకు తెలియకూడదని శాస్త్రం. కాబట్టి బిళ్ల పడటం కళ్లారా చూసినా సరే, ఏ ఊరికి బస్సు వచ్చిందో ఆ ఊళ్లవాళ్లకు తెలియకూడదు. ఇందుకోసం ఎర్రమిట్టలో పాతినటువంటి బోర్డే నెమిలిగుంటలోనూ పాతారు. బస్సు ఆగు స్థలం, ఉదయం ఆరు గంటలు. ఎర్రమిట్టలో ఆరింటికి బస్సు వచ్చేది. నెమిలిగుంటలో ఆరింటికి ఆరయ్యేది. ఆ బోర్డు నీడలో మేకలు పడుకునేవి. బస్సు హారన్ మోత మాత్రం వంక దాటి బాగా వినిపించేది.

మూడో రోజుకే నెమిలిగుంట జనం వంక దాటి ఎర్రమిట్టలో బస్సెక్కడం మొదలుపెట్టారు. బస్సు అక్కడినుంచే బయలుదేరేది కాబట్టి సీట్లు కూడా దొరికేవి. గంగులమ్మ పూలు తేమ ఆరకముందే చిత్తూరు చేరేవి. మార్కెట్లో ఆమె చోటు ఆమెకే దక్కింది. ఆదిమూలం కోడలు పని ముగించుకుని మధ్యాహ్నానికే ఇంటికి వచ్చి మామకు వేడి అన్నం పెట్టేది. చదువుకునే పిల్లలకు బడిలో మొదటి గంట పాఠం ఎలా ఉంటుందో తెలిసింది.

ఇది ఒకనాడు సుందరరాజు కంటబడింది. పరిశీలనకోసం ఎర్రమిట్ట బస్సెక్కితే, ముందు సీట్లో గంగులమ్మ కూర్చుని మాల కడుతూ ఉంది.

“అమ్మా, మీరు పోలిక ఊరు. మీరు ఈ బస్సు ఎక్కకూడదు.”

“టికెట్టు తీసుకున్నా గదప్పా.”

“అది కాదు. మీరు ఎక్కితే రెండు ఊళ్లూ ఒకటే అయిపోతాయి. తేడా లేదంటారు. తేడా లేకపోతే బస్సు వల్ల ప్రయోజనం లేదని తీసేస్తారు. ఎక్కారని రాస్తే ప్రయోగం చెడింది, మొదటినుంచీ చేయండి అంటారు. నేనేం రాసేది?”

గంగులమ్మ దారం పంటితో తెంపింది.

“నీకు ఏది నిజమనిపిస్తే అది రాయి నాయనా. నిన్ను అబద్దం రాయమని నేను చెప్పను. పూలు మాత్రం నీ ఏడాది దాకా ఆగవు.”

ఆ మాట సుందరరాజును ఆఫీసు దాకా వెంటాడింది. చివరికి ఉన్నది ఉన్నట్టే రాశాడు: పోలిక ఊరివాళ్లు వంక దాటి వస్తున్నారు, వాళ్లకు బస్సు అవసరం కాబట్టే వస్తున్నారు, ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రామచంద్ర అది రెండుసార్లు చదివాడు. “చాలా మంచి పరిశీలన,” అన్నాడు. “వెంటనే ఆపించాలి.”

ఆ సాయంత్రమే కండక్టరు పెంచలయ్యకు ఆదేశం అందింది. టికెట్టు ఇచ్చేముందు ఏ ఊరని అడగాలి. ఎర్రమిట్ట అయితేనే ఇవ్వాలి. మర్నాడు పొద్దున సుందరరాజు గుబులుగా బస్సు వెనకసీట్లో కూర్చున్నాడు. ఏళ్ల తరబడి తన భార్యకు గంగులమ్మ దగ్గరే పూలు కొంటున్న పెంచలయ్య, ఆమెను ఎన్నడూ చూడనట్టు చూశాడు.

“ఏ ఊరమ్మా?”

“ఎర్రమిట్ట.”

“నువ్వు?”

“ఎర్రమిట్టే అన్నా,” అంది ఆదిమూలం కోడలు.

పిల్లలందరూ ఎర్రమిట్ట. ఆఖరున ఎక్కిన ఎర్రమిట్ట ముసలాయన ఒకడు కమ్మీ పట్టుకుని అటూ ఇటూ చూసి, “మా ఊర్లో ఇంతమంది ఉండారని నాకే తెలీదబ్బా” అన్నాడు. బస్సంతా నవ్వింది. సుందరరాజు కూడా కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. జవాబులను చెప్పినవి చెప్పినట్టు రాసుకోవాలి, సొంత ఊహలు కలపకూడదు. అది విభాగం నిబంధన. అతను ఉద్యోగంలో మొదటిసారి ఒక నిబంధనను ఇష్టంగా పాటించాడు.

ఏడాది తిరిగింది. ఫలితాలు చూసి రామచంద్ర కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. బస్సు వేసిన ఎర్రమిట్టలో జనం రెట్టింపయ్యారు. బస్సు వేయని నెమిలిగుంటనుంచి, ఆదేశం వెళ్లాక ఒక్కరు కూడా ప్రయాణం చేయలేదు, ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదు. బస్సు వేస్తే జనాభా పెరుగుతుందని ఆయన నివేదిక పంపాడు. (కుటుంబ నియంత్రణ వాళ్లు ఆందోళనతో ఒక డాక్టరును పంపారు. ఆయన ఎర్రమిట్టకు బస్సులోనే వెళ్లి, సీటు దొరక్క నిలబడి తిరిగి వచ్చి, పెరుగుదల నిజమేనని ధ్రువపరిచాడు.) అంత జనం ఉన్న ఊరికి ఒక బస్సు చాలదని ఎర్రమిట్టకు సాయంత్రం ఇంకో బస్సు కూడా మంజూరైంది. ఆ వార్త చెప్పడానికి సుందరరాజు స్వయంగా వెళ్లాడు. గంగులమ్మ అతని చేతిలో ఒక మూర మల్లెలు పెట్టి, “ఇంట్లో ఇయ్యి నాయనా” అంది. పెళ్లి కాలేదని చెప్పడానికి అతనికి సిగ్గేసింది. అమ్మకు ఇచ్చుకున్నాడు.

నెమిలిగుంటను కూడా విభాగం మరచిపోలేదు. ఏడాదంతా బస్సు లేకుండా ఇంత నిబ్బరంగా ఉన్న ఊరు ఎక్కడా లేదని రామచంద్ర పై అధికారులకు రాశాడు. ఉత్తమ పోలిక ఊరుగా దాన్ని ఎంపిక చేసి, ఆ గౌరవాన్ని మరో ఐదేళ్లు పొడిగించారు. ప్రశంసాపత్రం అందుకోవడానికి గ్రామస్థులు సోమవారం ఉదయం చిత్తూరు కార్యాలయానికి తప్పక హాజరు కావలెనని, బస్సులో రాకూడదని కబురు పంపారు.