బెంచికో గొంతు

ఆన్‌లైన్ క్లాసులు మొదలైన రెండో వారంలో, కొండకింది కాన్వెంటు బడి పిల్లల గొంతులు ఫోన్ల గుండా క్లాసుకు వెళ్లి, క్లాసు అయిపోయాక ఇళ్లకు తిరిగి రాలేదు. బడి యాజమాన్యం దీన్ని నూటికి నూరు శాతం హాజరుగా లెక్కగట్టింది. పిల్లలు ఇళ్లలో ఉండి దూరం పాటిస్తున్నారు, గొంతులు బడిలో ఉండి చదువుకుంటున్నాయి. రెండు నిబంధనలూ ఒకేసారి నెరవేరినందుకు బిషప్పు గారి మేత్రాసన కార్యాలయం నుంచి అభినందన కూడా వచ్చింది.

గొంతులు కూడా విద్యార్థులే కాబట్టి వాటికీ భౌతిక దూరం వర్తించింది. బెంచికో గొంతును కూర్చోబెట్టారు. పొద్దున్నే వాటిమీద శానిటైజరు చల్లేవారు. సాయంత్రం ఆయా ఊడవడానికి వస్తే అవి మర్యాదగా లేచి ఫ్యాను రెక్కల మీద సర్దుకునేవి. రోల్ నంబరు పిలిస్తే తప్ప నోరు విప్పేవి కావు. తన సర్వీసులో ఇంత చక్కటి పిల్లల్ని చూడలేదని హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఫిలోమిన స్టాఫ్ మీటింగులో సంతోషపడ్డారు.

ఇళ్లలో పిల్లలు తింటున్నారు, ఆడుకుంటున్నారు, జుట్లు పట్టుకుని కొట్టుకుంటున్నారు. చప్పుడు మాత్రం లేదు. తల్లిదండ్రులు మొదట్లో కంగారుపడ్డారు. తర్వాత ఇల్లు హాయిగా ఉందని గమనించి ఊరుకున్నారు.

ఊరుకోనిది ఆరోగ్యమ్మ ఒక్కతే. కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టే ఆమె ఇప్పుడు మాస్కులు కుడుతోంది. భర్త పోయాక ఇంట్లో ఆమె, నాలుగో తరగతి చదివే కూతురు జసింత, ఇద్దరే మిగిలారు. సాయంత్రం దీపం పెట్టాక జపమాల చెప్పుకోవడం వాళ్ల అలవాటు. ప్రతి పూసకూ ప్రార్థన మొదటి సగం తల్లి చెబితే, రెండో సగం కూతురు అందుకోవాలి. ఇప్పుడు తల్లి సగం చెప్పి ఆగేది. జసింత పెదవులు కదిపేది. ఏమీ వినిపించేది కాదు. మిగతా సగం ఆరోగ్యమ్మే చెప్పుకోవచ్చు. అలా చెబితే ఇంట్లో తానొక్కతే ఉన్నట్టనిపించి ఆమెకు ఏడుపొచ్చేది.

చివరికి బడికి వెళ్లింది. గేటు బయట సున్నంతో గీసిన గుండ్రంలో నిలబడమన్నారు.

"స్తోత్రం సిస్టర్. మా పిల్ల గొంతుని సాయంత్రం పూట ఇంటికి పంపియ్యండమ్మా. జపమాల కాంగానే నేనే తెచ్చి దింపుతా."

"ఒక్కదాన్ని పంపితే అందరూ అడుగుతారమ్మా. పైగా బయట తిరిగొచ్చిన గొంతును పద్నాలుగు రోజులు విడిగా పెట్టాలి. మా దగ్గర అన్ని గదులెక్కడున్నాయి?"

"మరి మా ఇంట్లో జపమాల సగంలోనే ఆగిపోతంది గదండీ. ఏం చెయ్యమంటారు?"

సిస్టర్ దయగల మనిషి. ఆలోచించి ఓ ఏర్పాటు చేశారు. ఆ రోజు నుంచి తల్లులందరూ ఫోనులో మొదటి సగం చెబితే, బడిలోని గొంతులన్నీ కలిసి రెండో సగం చెప్పేవి. ఆదివారం చర్చి పూజలో కూడా గొంతులు అంత బాగా ఎన్నడూ కలవలేదు. ఒక్క గొంతు ముందుకు పోదు, ఒక్కటీ వెనకబడదు. అందులో జసింతది ఏదో ఆరోగ్యమ్మ పోల్చుకోలేకపోయింది. ఫోను చెవికి ఆనించుకుని, పక్కనే కూర్చున్న కూతురి పెదవులు చూస్తూ వెతికేది.

మరుసటి ఏడు బడి తెరిచారు. పిల్లలు లోపలికి నడిచారు. గొంతులు బెంచీల మీంచి లేచి ఎవరివి వాళ్లలోకి చేరాయి. సాయంత్రం ఆరోగ్యమ్మ గేటు దగ్గరే కూతుర్ని పట్టుకుంది.

"జసింతా, ఏదీ, ఒక్కసారి అమ్మా అను తల్లీ."

పిల్ల నవ్వింది. అనలేదు. గొంతు బాగానే ఉందని, పిలవకుండా మాట్లాడకూడదన్న క్రమశిక్షణ బాగా వంటబట్టిందని సిస్టర్ వివరించారు. మిగతా తల్లిదండ్రులు ఇదంతా బడి గొప్పతనమని చెప్పుకున్నారు. పక్క ఊళ్ల నుంచి కూడా పిల్లల్ని తెచ్చి చేర్పించడం మొదలైంది.

దీపం పెట్టాక ఆరోగ్యమ్మ జపమాల తీసింది. మొదటి సగం చెప్పి ఆగింది. జసింత తల్లి ముఖంలోకి చూస్తూ కూర్చుంది. ఆరోగ్యమ్మ కళ్లు తుడుచుకుని, వీపు నిటారుగా పెట్టి, గొంతు కాస్త గట్టి చేసుకుంది.

"రోల్ నంబర్ ముప్పై ఒకటి."

జసింత లేచి చేతులు కట్టుకుంది. "ప్రెజెంట్ సిస్టర్" అని, రెండో సగం స్పష్టంగా, ఒక్క తప్పు లేకుండా చెప్పింది.

"కూర్చో" అంది ఆరోగ్యమ్మ, తర్వాతి పూస పట్టుకుని.