మాస్టారు వస్తే ఆగిపోయే సాఫ్ట్‌వేర్

ఆ ఉదయం లైబ్రేరియన్‌గారి మరిది వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి గ్రంథాలయానికి వెళ్ళడం, డీబగ్ లాగ్ చదవడం, తప్పెక్కడుందో పట్టుకుని సరిచేయడం, మధ్యాహ్నానికి ఇల్లు చేరి ఓ కునుకు తీయడం. ఇంత ముచ్చటైన పథకం వేసుకున్నవాడికి ఆ కునుకు దక్కలేదని వేరే చెప్పాలా!

గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే లెక్క చూడటానికి సాఫ్ట్‌వేర్ రాసింది అతనే. రాయించింది అతని భార్యకు అక్క, అక్కడి లైబ్రేరియన్. "మా మరిది చేస్తాడు, నాదీ పూచీ" అని కమిటీ ముందు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పిందావిడ. ఆరు వారాలుగా ఆ సాఫ్ట్‌వేర్ వారానికి మూడు నాలుగు సార్లు, చెప్పాపెట్టకుండా, చటుక్కున ఆగిపోతోంది. మళ్ళీ లేవడానికి పది నిమిషాలు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి కమిటీ వచ్చి చూస్తుంది. వాళ్ళ ముందు ఆగిందంటే కంప్యూటరు అటకెక్కుతుంది, పాత రిజిస్టర్లు కిందికి దిగుతాయి, వదినకు తల కొట్టేసినట్టవుతుంది.

డీబగ్ లాగ్ అంటే మరేం లేదు, సాఫ్ట్‌వేర్ ఏ పని చేస్తున్నా అడుగడుగునా రాసిపెట్టుకునే చిట్టా. దాన్ని ఎన్నిసార్లు తిరగేసినా ఆగిపోయే ముందు చివరి వాక్యం ఒకటే: 'పుస్తకం ఇవ్వబోతున్నాను.' ఆ తరవాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. రోజుకు రెండొందల పుస్తకాలు ఇచ్చే మహాతల్లికి ఆ ఒక్కటి ఇవ్వడానికి ఏమొచ్చిందో అందులో లేదు.

అందుకే పోయిన వారం వదిన చేతికి ఒక నోటు పుస్తకమిచ్చి, ఆగిపోయినప్పుడల్లా చుట్టుపక్కల ఏం జరుగుతోందో రాయమన్నాడు. వదిన ఏ పనైనా ఒప్పుకుంటే అంతు చూసే మనిషి. ఇవాళ తెరిచి చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు.

'సోమవారం, పది నలభై. మాస్టారు వచ్చారు. రెండుసార్లు తుమ్మారు. గొడుగు మూలన పెట్టారు. ఆగిపోయింది.'

'బుధవారం, పదకొండూ అయిదు. కిటికీలో పావురం. మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆగిపోయింది.'

'శుక్రవారం, పది యాభై. పావురం లేదు. మాస్టారు దగ్గారు. ఆగిపోయింది.'

"వదినా, పావురం నిర్దోషి. మూడింట్లోనూ ఉన్నది మాస్టారే" అన్నాడు మరిది.

"బావుంది! ముప్ఫై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన పెద్దాయన. కౌంటరు దగ్గర నిలబడతారంతే, ఏం చేస్తారు పాపం?"

"కౌంటరు మీద ఆనుకుంటారా?"

"మోకాళ్ళ నొప్పులాయె. ఆనుకోక గాల్లో తేలతారా?"

"అదీ సంగతి! బల్ల కదులుతోంది, కింద వైరు కదులుతోంది" అని మరిది బల్ల కిందికి దూరాడు. వైర్లన్నీ బిగించాడు. అయినా మనసు ఒప్పుకోలేదు. కమిటీ వెళ్ళేదాకా మాస్టారు కౌంటరు దరిదాపులకు రాకుండా ఉంటే మంచిదన్నాడు. వదిన ప్రాణం ఉసూరుమంది. అయినా ఆయనకు ఎదురువెళ్ళి, "లోపల ఉక్కగా ఉంది మాస్టారూ, వరండాలో గాలి బావుంటుంది" అని కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

గాలి సంగతేమోగానీ, గేటులోంచి వచ్చిన ప్రతివాడికీ ముందు ఆయనే కనబడ్డారు. మాస్టారిని బయట కూర్చోబెట్టారట అన్నారు మొదట. ఆయన పుస్తకం చించారట అన్నారు పదకొండింటికి. కాదు, గ్రంథాలయమే మూసేస్తున్నారు, కుర్చీలు బయట వేయడం మొదలెట్టారు అన్నారు పన్నెండింటికి. ఒంటిగంటకల్లా, మూసేసేలోగా తమ పేరు మీదున్న పుస్తకాలు అప్పగించేద్దామని జనం పొలోమంటూ వచ్చిపడ్డారు. వరస కౌంటరు నుంచి గేటు దాకా సాగింది.

మరిదికి ఇంటి మీదా కునుకు మీదా ఆశ చచ్చిపోయింది. ఓ మూల కూర్చుని, ఏ కార్డు, ఏ పుస్తకం, ఏ నిమిషం అన్నీ లాగ్‌లో పడేలా మార్చాడు.

రెండూ ముప్ఫై ఒకటికి సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది.

మాస్టారు వరండాలోనే ఉన్నారు! మరిది నుదుట చెమట పట్టింది. గబగబా లాగ్ తెరిచాడు. మాస్టారి కార్డు. ఫలానా పుస్తకం, రెండూ ముప్ఫై ఒకటికి తిరిగొచ్చింది. అదే కార్డు, అదే పుస్తకం, అదే నిమిషంలో ఇవ్వబోతున్నాను. అంతే, ఆఖరి శ్వాస.

"వదినా! ఆయన బయటుంటే ఆయన కార్డు ఇక్కడికెలా వచ్చింది?"

వదిన మొహం చిన్నబుచ్చుకుంది. "పొద్దుట్నుంచీ పడిగాపులు పడుతున్నారు, జాలేసింది. పుస్తకం నేనే తెచ్చి జమచేసి, మళ్ళీ ఆయన పేరే రాయబోయాను."

"మళ్ళీ అదేనా?"

"రోజూ అంతేగా! గడువు దాటుతుందని ఆయనకి భయం. రోజూ తెచ్చి ఇస్తారు, రోజూ అదే పట్టుకెళతారు."

"మరి నోటు పుస్తకంలో రాయలేదేం?"

"తుమ్ములంటే ఎప్పుడో వస్తాయి, రాశాను. రోజూ జరిగేదాన్ని రాయడానికేముంది?"

మరిది తల పట్టుకుని, ఆనక పకపకా నవ్వాడు. ఇప్పుడే తిరిగిచ్చిన పుస్తకాన్ని అదే నిమిషంలో మళ్ళీ అడిగే మనిషి ఉంటాడని అతను కలలో కూడా అనుకోలేదు. ఏది ముందో ఏది వెనకో తేల్చుకోలేక సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తోంది. మధ్యలో వదిన ఆయన మోకాళ్ళ నొప్పుల గురించి అడిగిన రోజున నిమిషం మారిపోయేది, అంతా సవ్యంగా నడిచేది. అతను నిమిషం పక్కన సెకన్లు కూడా చేర్చాడు. వదిన మాస్టారి చేతులు పట్టుకుని క్షమించమని అడిగి, లోపలికి తీసుకొచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టింది.

నాలుగింటికి కమిటీ వచ్చింది. గేటు దాకా ఉన్న వరస చూసి అధ్యక్షులవారి కళ్ళు చెమర్చాయి. "ఇంతమంది పాఠకులా! చదువు మీద ఇంత ఆసక్తా!" అన్నారు. వదిన అవునన్నట్టూ కాదన్నట్టూ తల ఊపింది. మాస్టారి పుస్తకం తీసుకుని, అదే నిమిషంలో మళ్ళీ ఇచ్చింది. ఇట్టే అయిపోయింది. ఆరు వారాల బరువు గుండెల మీంచి దిగినట్టయి ఆవిడ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"అందరికన్నా పాత పాఠకులు మీరు. ఎలా ఉంది మాస్టారూ ఈ ఏర్పాటు?" అడిగారు అధ్యక్షులు.

మాస్టారు పుస్తకం వంక దిగులుగా చూశారు. "నిన్నటిదాకానే బావుండేదండీ. ఇంట్లో చదవబోతే నిద్రొచ్చేస్తుంది. ఇక్కడ ఇది ఆగినప్పుడల్లా పది నిమిషాలు నిలబడి చదువుకునేవాణ్ణి. విడతకి అయిదారు పేజీల లెక్కన నూట పన్నెండు దాకా వచ్చాను. ఇంకా రెండొందలున్నాయి."

కమిటీ అక్కడే నిలబడి గుసగుసలాడుకుంది. సాఫ్ట్‌వేర్ ఉంచాలని, లైబ్రేరియన్‌ను అభినందించాలని, మాస్టారి పుస్తకం పూర్తయ్యేదాకా దాన్ని రోజూ పదకొండింటికి పది నిమిషాలు ఆపాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

మరిది ఆ సాయంత్రమే కూర్చుని ఆ సదుపాయం రాసిచ్చాడు. అతను రాసినవాటిలో ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పు చేయనిది అదొక్కటే.