ఒకటో అంశం: జ్యోతి ప్రజ్వలన

కొత్తపేటలో గత బుధవారం జరిగిన ‘మండే ద్రావకాలు - లక్షణాలు, ప్రమాదాలు’ అవగాహన సదస్సు సకల విధాలా విజయవంతమైందని నిర్వాహకులు ప్రకటించారు. వేదిక మీద పదకొండు మంది పెద్దలు ఆసీనులయ్యారు. రెండు వందల పద్నాలుగు మంది విద్యార్థినీ విద్యార్థులు అవగాహన పొందారు. ముప్పై ఆరు శాలువాలు కప్పారు. ఎవరూ కాలిపోలేదు. ఈ చివరి సంగతి నివేదికలో లేదు. అది నిర్వాహకుల ప్రణాళికలోనూ లేదు.

సదస్సు జరిపినది పారిశ్రామిక భద్రతా చైతన్య సమితి. దాని కార్యదర్శి సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఇరవై ఏళ్ళుగా భద్రత గురించి మాట్లాడుతున్నారు. మధ్యలో ఒక్కసారి కూడా ఎవరి మాటా విని తన ఏకాగ్రత చెడగొట్టుకోలేదు. ఏసీ హాలు యజమాని కుమారస్వామి గారు సదస్సుకు హాలు ఉచితంగా ఇచ్చారు. పెద్దలు వస్తున్నారు కదా అని వేదిక చెక్కలన్నిటికీ కొత్తగా పాలిష్ కూడా పెట్టించారు. ఆ పాలిష్ పెట్టిన మేస్త్రీ యేసురత్నం.

యేసురత్నం ముప్పై రెండేళ్ళుగా చెక్కకు మెరుగు పెడుతున్నాడు. మురమళ్ళ నుంచి కె.గంగవరం దాకా అతని చెయ్యి పడని పందిరి మంచం లేదు, పూజామందిరం లేదు, చర్చి బల్ల లేదు. అతని ఎడమ చెయ్యి మాత్రం మోచేతి దాకా ముడతలు పడి ఉంటుంది. వెనకెప్పుడో ఐ.పోలవరంలో ఒక షెడ్డులో పని చేస్తుంటే, మూత తీసిన థిన్నర్ డబ్బాకు నాలుగు బారల దూరంలో ఒకాయన బీడీ వెలిగించాడు. ఆ నాలుగు బారలూ మంట నేలబారున నడిచి వచ్చింది. ఆ రోజు నుంచీ థిన్నర్ గురించి యేసురత్నానికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అతన్ని ఎవరూ ఏమీ అడగనూ లేదు. అతను చదివింది ఏడో తరగతి.

పాలిష్‌లో కలిపే ఈ థిన్నర్‌లో ఎక్కువ భాగం టోలుయిన్ అనే ద్రావకం. చూడటానికి మంచినీళ్ళలా ఉంటుంది. ఒలికితే ఎవరూ చెప్పకుండానే ఆవిరవుతుంది. ఆ ఆవిరి కంటికి కనపడదు, గాలికన్నా బరువు, పైకి పోకుండా నేలను పట్టుకుని పాకుతుంది. నిప్పు ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్ళి పలకరిస్తుంది. ఈ లక్షణాలన్నీ సదస్సు కరపత్రంలో చక్కటి రంగుల్లో అచ్చు వేశారు. కరపత్రాలు సంచుల్లో భద్రంగా ఉన్నాయి.

బుధవారం పొద్దున్న డెకరేషన్ వాళ్ళు సోఫాలు లాగుతుంటే వేదిక పక్కన పెట్టిన ఐదు లీటర్ల థిన్నర్ డబ్బా కాలు తగిలి బోర్లా పడింది. వాళ్ళు బాధ్యత గల మనుషులు. వెంటనే దాని మీద ఎర్ర తివాచీ పరిచేశారు. తడి కనపడటం మానేసింది కనక సమస్య పరిష్కారమైనట్టే. వాసన మాత్రం మొండికేసింది. కుమారస్వామి గారు మల్లెపూల స్ప్రే తెప్పించి హాలంతా కొట్టించారు. ఆ స్ప్రే డబ్బా మీద కూడా మంట బొమ్మ ఉంది. బొమ్మలు చూసేంత తీరిక అప్పుడు ఎవరికీ లేదు.

భద్రత విషయంలో సమితి రాజీ పడదు. లోపలికి వచ్చే పెద్దల జేబుల్లోని అగ్గిపెట్టెలు, లైటర్లు గేటు దగ్గరే తీసుకుని, చీటీలు అంటించి సంచిలో వేశారు. సభాస్థలిలో నిప్పు పుట్టించే వస్తువు ఏదీ ఉండరాదన్నది నిబంధన. జ్యోతి ప్రజ్వలన కోసం ఒకే ఒక్క అగ్గిపెట్టెకు కార్యదర్శి సంతకంతో మినహాయింపు ఇచ్చారు.

పది గంటలకు యేసురత్నం తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. మనవరాలు జాయ్ తొమ్మిదో తరగతి. ‘టోలుయిన్ లక్షణాలు, జాగ్రత్తలు’ మీద ఆ పిల్ల రాసిన వ్యాసం ఎంపికైంది, సభలో చదవబోతోంది. తాతకు అదొక పండగ. హాల్లో అడుగుపెట్టగానే అతనికి మల్లెపూల వెనక దాక్కున్న వాసన తెలిసింది. వేదిక పక్కకు వెళ్ళి చూస్తే డబ్బా ఖాళీ. వంగి తివాచీ మీద చెయ్యి పెట్టాడు, తడి. తలెత్తి చూస్తే నాలుగు తలుపులూ మూసి ఉన్నాయి. వేదిక ముందు, సరిగ్గా ఆ తివాచీ మీదే, పూలు చుట్టిన ఇత్తడి దీపపు కుంది నిలబడి ఉంది.

ముందు కుమారస్వామి గారి దగ్గరికి వెళ్ళాడు. కింద థిన్నర్ పారిందని, తలుపులు తీయించాలని చెప్పాడు. మన ప్రాంతంలో ఎవరూ ఎవరికీ కాదని చెప్పరన్న సంగతి పాఠకులకు తెలియనిది కాదు.

“ఆయ్, తీయిద్దాం మేస్త్రీ. ముఖ్య అతిథి గారు వచ్చి వెళ్ళాక అన్నీ తీయిద్దాం. ఇప్పుడు తీస్తే చల్లదనం అంతా పోద్ది కదా,” అన్నారు కుమారస్వామి గారు.

అక్కణ్ణుంచి సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన మొత్తం విన్నారు. భుజం మీద చెయ్యి వేశారు.

“చాలా మంచి పాయింట్ చెప్పేరండి. సరిగ్గా ఈ చైతన్యం కోసమే కదా సమితి ఇన్నాళ్ళూ కష్టపడింది. తొమ్మిదో అంశం ప్రశ్నోత్తరాలండి. అప్పుడు లేచి అడగండి, మైకు పంపిస్తాను.”

“అప్పటిదాకా ఉండమండి,” అన్నాడు యేసురత్నం.

“ఎక్కడికి వెళ్తారు? భోజనాలు కూడా పెట్టించేం కదండీ,” అన్నారు కార్యదర్శి గారు ఆప్యాయంగా.

పోనీ దీపం ఒక్కటి ఆపమని బతిమాలాడు. దానికీ ఆయన కోపగించుకోలేదు, ఆహ్వాన పత్రిక తీసి చూపించారు. జ్యోతి ప్రజ్వలన ఒకటో అంశం. ప్రమాదాల వివరణ ఏడో అంశం. ముందు వెలిగించాలి, వెలిగిస్తే ఏమవుతుందో తరువాత చెప్పాలి. వరుస మారుద్దామంటే పత్రికలు అచ్చయి పంచడం కూడా అయిపోయింది.

యేసురత్నం మూడో వరుసలో జాయ్ పక్కకు వెళ్ళి, లేచి బయటికి రమ్మని చెవిలో చెప్పాడు. జాయ్ కాగితాలు గుండెకు హత్తుకుంది. పన్నెండు రోజులు బట్టీ పట్టిన పిల్ల. ఇప్పుడు లేస్తే పేరు కొట్టేస్తారని, ఏడోది తనదేనని గుసగుసగా చెప్పింది. పైగా నవ్వింది.

“ఇక్కడ నీ చొక్కా వాసనే వస్తుంది తాతయ్యా. అందుకే నాకు భయం వేయట్లేదు.”

ఆ మాటకు యేసురత్నానికి కళ్ళు చెమర్చాయి. పిల్లను రెక్క పట్టుకుని లాక్కుపోదామని నిజంగానే చెయ్యి చాపాడు. జాయ్ పక్కన ఇంకో పిల్ల ఉంది, ఆ పిల్ల పక్కన ఇంకో పిల్లాడు. తెల్ల చొక్కాలు, నీలం గౌన్లు, గోడ దాకా అవే తలలు. వీళ్ళందరినీ వదిలి ఒక్క తలను తీసుకుపోవడానికి అతనికి సిగ్గేసింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని వేదిక పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పదింటికి రావలసిన ముఖ్య అతిథి గారు పదకొండున్నరకు వచ్చారు. ఆ గంటన్నరా థిన్నర్ తన పని తాను శ్రద్ధగా చేసుకుపోయింది. ఆనాడు ఆ హాల్లో అజెండా ప్రకారం నడుచుకోకుండా పని చేసింది అదొక్కటే. ముందు వరుస పిల్లలు ఇద్దరు తల తిరుగుతోందన్నారు. టిఫిన్ చేయకుండా వచ్చారని వాళ్ళను మందలించారు. మంట గురించి మానవజాతి నేర్చుకున్న పాఠాలను సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఆదిమ కాలం నుంచి మొదలుపెట్టి, “అప్రమత్తతే మన ఊపిరి, అప్రమత్తతే మన ఆస్తి” అని మూడుసార్లు అన్నారు. మూడోసారికి దగ్గు వచ్చింది. మంచినీళ్ళు తాగి కొనసాగించారు.

తరువాత ఒకటో అంశం ప్రకటించారు. నాగదుర్గ టీచరు గారు వెండి పళ్ళెంలో పూలు, కొవ్వొత్తి, మినహాయింపు పొందిన ఆ అగ్గిపెట్టె పెట్టుకుని వచ్చారు. ముఖ్య అతిథి గారు ఫోటోగ్రాఫరు కోసం ఒకసారి, వీడియో కోసం ఒకసారి చిరునవ్వు నవ్వి, పళ్ళెం వైపు చెయ్యి చాపారు.

యేసురత్నం అగ్గిపెట్టె అందుకుని పరుగెత్తాడు.

యాభై ఆరేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. అయినా పక్క తలుపు గడియ ఒక్క తోపుతో తీసి కాలవ గట్టు రోడ్డు మీద పడ్డాడు. వెనక కార్యదర్శి గారు, ఆయన వెనక కుమారస్వామి గారు, మెళ్ళో దండలతో వేదిక మీది పెద్దలు, ఆ వెనక మాస్టార్లు. సమితి చరిత్రలో సభ్యులందరూ ఒకే దిక్కుకు కదలడం అదే మొదలు. ఇంత మంచి కార్యక్రమం పత్రికలో లేదేమని పిల్లలు ముచ్చటపడి, తక్కిన మూడు తలుపులూ బార్లా తెరుచుకుని బయటికి వచ్చేశారు. హాల్లో కుంది ఒక్కటే మిగిలింది.

యేసురత్నాన్ని ఆటో స్టాండు దగ్గర పట్టుకున్నారు. అగ్గిపెట్టె స్వాధీనం చేసుకుని, విచారణ అక్కడే మొదలుపెట్టారు. తాగాడా అని ఒకరు వాసన చూశారు. ఎవరు పంపారని ఇంకొకరు అడిగారు. అప్పటిదాకా వెనక ఉన్న ఒక పెద్దమనిషి ముందుకు వచ్చి, దీపం వెలిగిస్తే మీ వాళ్ళకేం కష్టమని అడిగాడు. ఎవరూ ఆయన్ని మందలించలేదు.

యేసురత్నం రొప్పుతూనే చేతులు జోడించాడు. “దీపం మీద నాకేం కోపమండి? మా చర్చిలోనూ వెలిగిస్తామండి. ఆ తివాచీ కింద థిన్నర్ ఉందండి. ఎదురుగానే పిల్లలు కూర్చున్నారండి. అంతేనండి.”

ఈ సమాధానం ఎవరికీ తృప్తినివ్వలేదు. చర్చ ముప్పావు గంట నడిచింది. పోలీసులకు చెప్పాలా, క్షమాపణ పత్రం రాయించుకుంటే చాలా అన్న విషయం మీద సమితి రెండుగా చీలింది. ఆ ముప్పావు గంటా హాలు నాలుగు తలుపులూ తెరిచే ఉన్నాయి. కాలవ మీది గాలి ఒక గుమ్మంలోంచి వచ్చి ఇంకో గుమ్మంలోంచి పోతూ, తివాచీ అంచులు ఎత్తి ఎత్తి చూసింది. చివరికి క్షమాపణ పత్రం నెగ్గింది. యేసురత్నం సంతకం పెట్టాడు. అతని ముక్కుకు గాలి వాటంలో వాసన పలచబడినట్టు తెలిసింది కనకనే పెట్టాడు. లేకపోతే ఇంకో గంట వాదించేవాడు.

అందరూ లోపలికి వెళ్ళారు. అతన్ని మాత్రం రానివ్వలేదు. ముఖ్య అతిథి గారు పుల్ల గీశారు, కొవ్వొత్తి వెలిగించారు, కుందిలో ఐదు వత్తులూ వెలిగించారు. మంట నిటారుగా, అందంగా నిలబడింది. ఏమీ కాలేదు. చప్పట్లు మోగాయి. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు మైకు అందుకున్నారు.

“చూశారు కదండీ. ఏమైంది? ఏమీ కాలేదు. వదంతులు ద్రావకాల కన్నా ప్రమాదకరమని మన సమితి ఈ రోజు ప్రయోగపూర్వకంగా నిరూపించింది.”

ఈ వాక్యాన్ని తీర్మానంగా నమోదు చేశారు. చల్లదనం పోతోందని కుమారస్వామి గారు తలుపులు మళ్ళీ మూయించారు.

ఏడో అంశం వచ్చేసరికి యేసురత్నం గేటు దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. బయటి స్పీకరులోంచి జాయ్ గొంతు వణక్కుండా వచ్చింది. టోలుయిన్ నాలుగు డిగ్రీల చలిలో కూడా అంటుకోగల ఆవిరినిస్తుందని చెప్పింది. గాలిలో వందకు ఒకటింబావు పాళ్ళు చేరితే చాలంది. పీలిస్తే తల తిరుగుతుందంది. ప్రతి అంకెకూ చప్పట్లు. ఒలికితే నిప్పు దగ్గరికి రానివ్వకుండా, తలుపులూ కిటికీలూ తెరిచి, అందరినీ బయటికి పంపాలని చదివి, ఆ పిల్ల ఆగింది. మరిచిపోయిందేమోనని మాస్టారు కాగితం అందించబోయారు.

“ఇందాక మా తాతయ్య చేసింది ఇదేనండి,” అంది జాయ్ మైకులో.

సమయం ముగిసినట్టు గంట కొట్టారు. ఉచ్చారణ స్పష్టంగా ఉన్నందుకు ఆ పిల్లకు ప్రథమ బహుమతి ఇచ్చారు.

మధ్యాహ్నం మూడింటికి తాతా మనవరాలూ మోపెడ్ మీద ఇంటికి బయలుదేరారు. మిగిలిన తలుపుల పాలిష్ పనికి ఇంక రానక్కర్లేదని కుమారస్వామి గారు ఎంతో మర్యాదగా కబురు పంపారు. కొబ్బరి తోటలు మొదలయ్యాయి. జాయే ముందు అడిగింది, ఆ థిన్నర్ నిజంగా అంటుకునేదేనా అని.

“అంటుకునేదేనమ్మా,” అన్నాడు యేసురత్నం. ఎప్పుడూ ఎవరి మీదా విసుక్కోని ఆ మనిషి గొంతులో కొంచెం ఉక్రోషం వచ్చింది. “అంటుకుని ఉంటే, పాపం మేస్త్రీ ముందే చెప్పేడని నమ్మేవారు.”

“ఎవరు నమ్మేవారు తాతయ్యా? అందరం లోపలే ఉన్నాం కదా.”

చిన్నపిల్ల కనక బయట పేపరు చదివే మనం ఉన్నామన్న సంగతి ఆమెకు తట్టలేదు. మనం ఎప్పుడూ బయటే ఉంటాం. తప్పకుండా నమ్మేవాళ్ళం. మేస్త్రీ మాట ఒక్కరు విన్నా ఇంత ఘోరం జరిగేది కాదని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళం. సాయంత్రానికల్లా సంతాప సభ ఏర్పాటు చేసి, రెండు వందల పద్నాలుగు ఫోటోల ముందు ఒకటో అంశంగా జ్యోతి ప్రజ్వలన చేసేవాళ్ళం.