అక్షర క్రమంలో ఇల్లు మారిన వైనం

సొంత సామాను సొంత చేతులతో మోసుకోవడం ప్రతి పౌరుడి జన్మహక్కు. ఆ హక్కుని గంటల చొప్పున అద్దెకివ్వడానికి రాజమహేంద్రవరంలో 'మన సామాను మనమే' అనే సంస్థ వెలిసింది. వ్యాను వాళ్ళది. నడపడం, ఎత్తడం, దించడం, నడుం పట్టేయడం మనది.

నాగవల్లి ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు. ఆవిడా, భర్త శ్రీనివాసరాజూ ఇన్నీసుపేట నుంచి మోరంపూడికి ఇల్లు మారాలి. కొత్త ఇంటావిడ పెద్దింట్లమ్మ గారిది ఒకటే షరతు. శుక్రవారం పదకొండు లోపల సామాను లోపలికి చేరి, పాలు పొంగాలి. తర్వాత వర్జ్యం. ఆ వేళ దాటితే ఇల్లు ఒక బ్యాంకు మేనేజరు గారికి వెళ్ళిపోతుంది. (ఆయన అప్పటికే రెండుసార్లు వచ్చి కిటికీలకి కర్టెన్ల కొలతలు తీసుకుని వెళ్ళారు.)

ఏడింటికి శ్రీనివాసరాజు వ్యాను నడుపుకొచ్చాడు. అతనితో పాటు, మెడలో కార్డు వేసుకుని, పర్యవేక్షకుడు రమేష్ బాబు దిగాడు. బీరువా ఒక చివర పట్టుకోమని శ్రీనివాసరాజు అడిగాడు.

"నేను ముట్టుకోకూడదండి, చూడాలంతే" అన్నాడు రమేష్ బాబు. "బయటి చెయ్యి పడితే అది సేవ అయిపోద్దండి. మాది సేవ కాదండి."

తర్వాత అసలు నియమం చెప్పాడు. యాప్‌లో రాసిన సామాను అక్షరమాల వరసలోనే బండెక్కాలి. ఇదివరకెక్కడో ఒక మంచానికీ ఒక ఫ్రిజ్‌కీ మధ్య ఎవరు ముందన్న తగువొస్తే, సంస్థ అందరికీ సమన్యాయంగా ఈ పద్ధతి పెట్టిందట. ఆ లెక్కన మొదట అద్దం ఎక్కాలి. దాని మీద ఆవకాయ జాడీ. వాటి మీద, అక్షరాలు గడిచి గడిచి, బీరువా.

శ్రీనివాసరాజు మెట్ల మీద కూలబడ్డాడు. నాగవల్లికి మాత్రం, ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి, తన చదువు పనికొచ్చే సందర్భం కళ్ళెదుట నిలిచింది. పేర్లు దిద్దుకోవచ్చా అని అడిగింది. దిద్దుకోవచ్చు, కానీ అబద్ధం ఉండకూడదన్నాడు.

ఆవిడ ఫోను తీసుకుంది. బీరువా 'అమ్మమ్మ గారి బీరువా' అయింది. వాషింగ్ మెషీన్ 'ఉతికే యంత్రం'గా, ఫ్రిజ్ 'ఐసు పెట్టె'గా మారాయి. మంచానికి ఎంత ఆలోచించినా ఏమీ తోచక 'ఓ మంచం' అని రాసింది. ఆవకాయ 'వేసవిలో పెట్టిన జాడీ'గా కిందికి జారింది. అద్దం 'హాల్లో అద్దం' అయి అందరికన్నా వెనక నిలబడింది. రమేష్ బాబు ఒక్కొక్కటీ చదివి, అబద్ధమేదీ లేదని ఒప్పుకున్నాడు.

తొమ్మిదిన్నరకి బండి నిండింది. భర్త పక్క సీటు పర్యవేక్షకుడిది కాబట్టి, నాగవల్లి పాలగిన్నె కాళ్ళ మధ్య పెట్టుకుని స్కూటీ మీద వెనక వచ్చింది. మోరంపూడి చేరేసరికి పదీ ఇరవై. గేటు దగ్గర పెద్దింట్లమ్మ గారు ఫోన్లో టైము చూసుకుంటూ నిలబడి ఉన్నారు.

శ్రీనివాసరాజు వెనక తలుపు తీసి అద్దం మీద చెయ్యి వేశాడు.

"అది ఆఖర్న ఎక్కిందండి" అన్నాడు రమేష్ బాబు. "ముందెక్కినోళ్ళే ముందు దిగాలండి. లేకపోతే ఇంక క్యూకి అర్థమేముందండి?"

ముందెక్కిన బీరువా అట్టడుగున, డ్రైవరు సీటు వెనక గోడకి ఆనుకుని ఉంది. దాన్ని దించాలంటే మిగతావన్నీ దించాలి. మిగతావి దించాలంటే అది దిగాలి. ఇటువంటి సందర్భాల్లో చాలామంది ఏం చేస్తారని నాగవల్లి అడిగితే, చాలామంది ఏడుస్తారని అతను నిజమే చెప్పాడు.

ఆవిడ నియమావళి తెరిచి, పిల్లల కాంపోజిషను దిద్దినట్టు వరసగా చదువుకుంటూ పోయింది. నలభై మూడో పేజీలో కళ్ళు ఆగాయి. ప్రయాణం రద్దయితే బండిని వెంటనే ఖాళీ చేయాలి; రద్దయిన సామానుకి వరస వర్తించదు. కారణాల పట్టీలో వర్షం, విడాకులు, మనసు మారడం ఉన్నాయి. మొగుడి మొహం ఒకసారి చూసి, మూడోది నొక్కింది.

రమేష్ బాబు ఫోను మోగింది. చూసుకుని మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు నేను డ్యూటీలో లేనండి" అంటూ చొక్కా చేతులు మడిచాడు. "బీరువా ఆ చివర నాకొదిలెయ్యండి, రాజు గారూ."

ముగ్గురూ కలిసి అరగంటలో ఇల్లు నింపేశారు. పదకొండుకి మూడు నిమిషాల ముందు పాలు పొంగాయి. పెద్దింట్లమ్మ గారు తాళాలిచ్చి, ఆ మూడో ఆయన మీకేమవుతారమ్మా అని అడిగారు. ఏమీ కారని చెప్పి, నాగవల్లి అతనికి రెండోసారి పరమాన్నం వడ్డించింది.

సంస్థ రికార్డుల ప్రకారం మాత్రం ఆ దంపతులు ఇన్నీసుపేట నుంచి కదల్లేదు. మరుసటి వారం ఆ పాత ఇంట్లోకి దిగాల్సిన కొత్తజంట వ్యాను కోసం దరఖాస్తు పెడితే, అక్కడ ఇదివరకే మనుషులున్నారని తిరస్కరించారు. ఇల్లు ఖాళీయేనని ఇంటాయన ఫోటో తీసి పంపాడు. ఫోటోలో ఏమీ కనిపించడం లేదు, స్పష్టమైనది పంపమని జవాబొచ్చింది.