సరస్సు వైపు ముహూర్తం

పెళ్ళి రోజు పొద్దున్న కేశవరావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. అందర్నీ లేపడం, అందరి చేతా స్నానాలు చేయించడం, పదీ నలభై ముహూర్తానికి అన్నకూతురు అవనిని పీటల మీద కూర్చోబెట్టడం. మిషిగన్లో ఏడాదికి రెండుసార్లు గడియారాలు మార్చే వేళ వస్తే, ముందురోజే తనవి మార్చేసుకుని ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి గుర్తుచేసే మనిషాయన. అలాంటివాడికి పెళ్ళి టైము అప్పగిస్తే ఇంకేముంది, కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు.

పెళ్ళి ఆరిజోనాలో, పేజ్ అనే ఊళ్ళో, సరస్సు ఒడ్డున ఉన్న హోటల్లో. ఆడపెళ్ళివారికి సరస్సు వైపు గదులు, మగపెళ్ళివారికి పార్కింగ్ వైపు గదులు. అందరూ వచ్చారు, పెళ్ళికూతురి మేనమామ ఫణి తప్ప. పిల్లని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసింది అతనే. తన పెళ్ళికే తాను లేటుగా వచ్చిన ఘనుడు. ఆఫీసులో ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని, తెల్లవారుజామున అదే రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో బయల్దేరి తొమ్మిదికల్లా దిగుతానని తన అక్క, అవని తల్లి కృష్ణకుమారికి మాటిచ్చాడు.

కేశవరావు కళ్ళు తెరిచి ఫోన్ చూసుకున్నాడు. అనుకున్నదానికన్నా గంట ఎక్కువ నిద్రపోయాడు. తలుపులన్నీ బాది అందర్నీ లేపాడు. పురోహితుడు కూడా ఫోన్ చూసుకుని, తడిబట్టలతోనే మండపానికి పరుగెత్తాడు. టిఫిన్లు రాలేదు. ఫొటోగ్రాఫర్ లేడు. క్యాటరింగ్ వాళ్ళకి ఫోన్ చేస్తే, "టైముంది కదా సార్, వచ్చేస్తాం" అన్నారు.

"అందరికీ టైముందట వదినా, మనకే లేదు," అన్నాడు కేశవరావు.

అంతకన్నా పెద్ద గండం ఇంకోటుంది. తొమ్మిదిన్నర దాటినా మగపెళ్ళివారి వైపు అలికిడి లేదు.

"అలిగారేమో," అంది కృష్ణకుమారి మెల్లగా.

ఆ మాటతో ఆడపెళ్ళివారందరూ కేశవరావు వైపు తిరిగారు. మగపెళ్ళివారితో లేటైందని అనకూడదు, అది మర్యాద కాదు. కేశవరావు ఒక పట్టుచీర, పళ్ళెం నిండా పళ్ళు పట్టుకుని వెళ్ళి, పెళ్ళికొడుకు తల్లి త్రివేణి గది తలుపు తట్టాడు. ఆవిడ ఇంకా నైటీలోనే, హోటల్ కాఫీ చేత్తో పట్టుకుని వచ్చింది.

"చెల్లెమ్మగారూ, మా వల్ల ఏదైనా పొరపాటు జరిగితే మనసులో పెట్టుకోకండి," అన్నాడు.

ఏ పొరపాటో త్రివేణికి బొత్తిగా తెలియదు. కానీ ఇంత పొద్దున్నే పట్టుచీరతో బతిమాలుతుంటే, ఏమీ లేదనడం ఆవిడకి ఎందుకో నచ్చలేదు.

"కాఫీ మరీ నీళ్ళలా ఉంది అన్నయ్యగారూ," అని చీర అందుకుంది. "తయారై వస్తాం లెండి."

ఆ తర్వాత గంట కేశవరావుకి నరకమే. ఫణికి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్.

"మన రాకేష్ కూడా వరసకి మేనమామే కదా, అతని చేత మోయిద్దాం," అన్నాడు.

రాకేష్ వెంటనే నడుం పట్టుకుని కూర్చున్నాడు. పెళ్ళికూతురు ఇంకా మొండికేసింది.

"ఫణి మామ రాకపోతే నేను బాస్కెట్‌లో కూర్చోను బాబాయ్. ఐ యామ్ సీరియస్."

ఫోన్లలో పదీ నలభై వచ్చింది, పోయింది. ఈ నెలలో ఇంక ముహూర్తాలు లేవని పురోహితుడు తల పట్టుకున్నాడు. కృష్ణకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఏడాది పాటు కష్టపడి ఏర్పాటు చేసుకున్న పెళ్ళి, తన తమ్ముడి మూలంగానే ఆగిందని ఆవిడ బాధ.

అప్పుడు వచ్చాడు ఫణి. చెదిరిన జుట్టు, నలిగిన పంచె.

"సారీ అక్కా, తొమ్మిదికన్నాను గానీ పదింపావయింది. ఫోన్ చచ్చిపోయింది. పర్లేదు, ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది కదా."

"పదకొండుంపావయింది నాయనా," అన్నాడు కేశవరావు, ఫోన్ మొహం మీద పెట్టి.

"మీ ఫోన్ సంగతి నాకు తెలీదు బావగారూ. నా కారు కొన్న దగ్గర్నుంచి దాని గడియారం నేను ముట్టుకోలేదు. ఆరిజోనాలో ముట్టుకునే పనే లేదు."

అందరూ రిసెప్షన్ గోడ గడియారం వైపు తిరిగారు. అక్కడా పదింపావే. సరస్సు అవతల యూటా రాష్ట్రమని, వాళ్ళు వేసవిలో గడియారం గంట ముందుకు తిప్పుతారని, ఆరిజోనా తిప్పదని రిసెప్షన్ అమ్మాయి చెప్పింది. సరస్సు వైపు గదుల్లో ఫోన్లు అవతలి టవర్ని పట్టుకుంటాయట. ఆ మాట పూర్తయ్యేలోపే త్రివేణి కొత్త పట్టుచీర కట్టుకుని, కొడుకుని వెంటబెట్టుకుని, చెప్పిన టైముకి దర్జాగా దిగింది. వెనకాలే ఇడ్లీలు, ఫొటోగ్రాఫరు.

మండపం ఒక్కసారి లేచి నిలబడింది. కృష్ణకుమారి తమ్ముణ్ణి కావలించుకుని మళ్ళీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో. అవని చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బుట్టలోకి ఎక్కేసింది. రెండోవైపు పట్టడానికి రాకేష్ నడుం ఇంకా సహకరించకపోవడంతో కేశవరావే పట్టాడు. బుట్ట ఊగుతూ, అవని నవ్వుతూ, ఫణి అందరికీ చెయ్యి ఊపబోయి అక్క చూపుకి ఆగిపోతూ మండపం చేరారు. సరిగ్గా పదీ నలభైకి జీలకర్ర బెల్లం పడింది. ఫణి వల్లే పెళ్ళి నిలబడిందని కేశవరావు నలుగురిలోనూ ఒప్పుకున్నాడు.

సాయంత్రం అప్పగింతలకి ఫణి గంట లేటుగా వచ్చాడు, ఈసారి ఏ రాష్ట్రం లెక్కన చూసినా లేటే.